పిల్లాడికి ఫిట్స్, ఇరుగుపొరుగు పెద్దమ్మ మీద అనుమానం: బాణామతి లేదంటే అవిశ్వాసమా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఐదేళ్ల బాబుకు నాలుగు నెలల్లో మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండిళ్ల అవతల ఒంటరిగా ఉండే పెద్దమ్మ బాణామతి చేసిందని మీ అత్తమ్మ అంటున్నారు. మీ సంఘం అయ్యగారు (పాస్టరు) కూడా ప్రార్థనలో "ఎవరో చేయించారు" అని చెప్పి, 21 రోజులు నూనె రాయమన్నారు. వచ్చే ఆదివారం మీ ఆయన నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆ పెద్దమ్మను నిలదీస్తానంటున్నారు. బైబిల్లోనే మంత్రగాళ్ల మాట ఉంది గదా, బాణామతి లేదంటే నా విశ్వాసం తక్కువైనట్టా, ఇంట్లో ఏం చెప్పాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ పెద్దమ్మ మీ బాబుకు ఏమీ చేయలేదు. ఆమె చేయగలిగిందీ ఏమీ లేదు. బాబును ఈ వారంలోనే పిల్లల డాక్టరుకో, నరాల డాక్టరుకో చూపించండి. ఆదివారం ఆ గడప ఎవరూ తొక్కకుండా ఆపండి. బాణామతి లేదనడం అవిశ్వాసం కాదు. ఒక ముసలామె చేతిలో మీ బిడ్డ ప్రాణం ఉందని నమ్మితేనే మన విశ్వాసానికి దెబ్బ.

నేను మెదక్ వైపు పల్లెల్లో 28 ఏళ్లుగా పాస్టరుగా ఉన్నాను. నా భార్య ఏఎన్ఎంగా, అంటే పల్లె నర్సుగా చేసి రిటైరయింది. కాబట్టి మా ఇంటికి ఇలాంటి కేసులు రెండు దారుల్లోనూ వచ్చేవి. ప్రార్థన కోసం వచ్చినవాళ్లు వరండాలో నా దగ్గర కూర్చునేవాళ్లు, వాళ్ల పిల్లలకు లోపల ఆమె జ్వరం చూసేది.

ముందు బాబు సంగతి. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. చుట్టూ తగిలే వస్తువులు తీసేయండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు, ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్క పెడితే ఆగుతాయనేది ఒట్టి మాట. చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. ఆ సమయానికి చేతిలో తాళంచెవి ఉంటే ఆ పేరు తాళంచెవికి వస్తుంది, నూనె ఉంటే నూనెకు వస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి బాబు తెలివిలోకి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. వీలైతే ఇంట్లో ఒకరు ఫోన్‌లో వీడియో తీయాలి. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి అన్నది డాక్టరుకు ఆ వీడియోలో కనిపిస్తుంది. మనం నోటితో చెప్పేదానికంటే అది ఎంతో మేలు.

ఫిట్స్‌కు కారణాలు చాలా ఉంటాయి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎక్కువ జ్వరంతో రావచ్చు. పుట్టినప్పుడు ఊపిరి సరిగా అందకపోయినా తర్వాత రావచ్చు. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఇంకో కారణం బద్దెపురుగు గుడ్లు. కలుషితమైన నీళ్లతోనో, సరిగా కడగని కూరగాయలతోనో అవి కడుపులోకి పోయి, అక్కడి నుంచి పురుగు పిల్లలు మెదడుకు చేరి చిన్న తిత్తి కడతాయి. కొందరికి ఏ కారణమూ దొరకదు. అయినా మందు పనిచేస్తుంది. సరైన మందులు వాడితే మూర్ఛ ఉన్న పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. మాత్రలు మొదలుపెట్టాక డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. "తగ్గింది గదా" అని మానేసినవాళ్లకే మళ్లీ పెద్దగా రావడం మేం చూశాం.

2011లో మా దగ్గరికి ఎనిమిదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చారు. నడుముకు మూడు తాయెత్తులు, మెడలో ఒక సిలువ. అనుమానం సొంత మేనత్త మీద. నా భార్య ఆ తల్లిదండ్రులను బతిమాలి సంగారెడ్డి, అక్కడి నుంచి హైదరాబాద్ పంపించింది. వాళ్ల వెంట నేనూ వెళ్లాను. స్కాన్ ఫిల్మును లైటుకు పెట్టి డాక్టరుగారు ఒక తెల్ల చుక్క చూపించారు. శనగగింజంత కూడా లేదు. ఆ తండ్రి దాని మీద వేలు పెట్టి, "ఇదేనా సార్, ఇంతేనా?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఇంతకోసమే చెల్లెలి ఇంటికి పోవడం మానేసి ఏడాది దాటింది. పండక్కి ఆమె పంపిన సకినాలు కుక్కలకు వేశారు. పిల్లాడికి మందులతో ఫిట్స్ ఆగాయి. ఐటీఐ చదివి ఇప్పుడు ఏసీలు రిపేరు చేస్తున్నాడు. అన్నాచెల్లెళ్లు మాత్రం కలవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఇక బైబిల్ సంగతి. మీకు అసలు టెన్షన్ ఇక్కడే ఉందని అర్థమైంది.

సాతాను లేడని నేను అనను. దురాత్మల గురించి సువార్తలు చెప్పినవాటిని నేను తీసిపారేయను. కానీ ఆ సువార్తలనే నిదానంగా చదవండి. మత్తయి 4:24లో యేసు దగ్గరికి తెచ్చిన రోగుల వరస ఉంది. "దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువుగలవారిని" అని విడివిడిగా రాశారు. చాంద్రరోగం అంటే అప్పటివాళ్లు మూర్ఛకు పెట్టుకున్న పేరు. అంటే ఫిట్స్ వచ్చిన ప్రతివాడికీ దయ్యం పట్టిందని సువార్త రాసినవాళ్లే అనుకోలేదు.

"మరి మార్కు 9లో నిప్పులో, నీళ్లలో పడే పిల్లాడి సంగతి?" అని మీ అయ్యగారు అడగవచ్చు. మంచి ప్రశ్నే. అక్కడ యేసు అపవిత్రాత్మను గద్దించాడు. అది నేను దాచను. కానీ గద్దించేముందు ఆ తండ్రిని ఏమడిగాడో చూడండి. ఇది ఎంతకాలం నుంచి ఉంది అని అడిగాడు. ఏ డాక్టరైనా మొదట అడిగే ప్రశ్న అదే. "ఎవరు చేశారు? ఎవరి మీద అనుమానం?" అని అడగలేదు. నాలుగు సువార్తలూ వెతకండి. యేసు బాగుచేసిన రోగుల్లో ఒక్కరి విషయంలోనైనా, ఈ జబ్బు ఫలానా పొరుగువాడు పంపాడని ఆయన వేలెత్తి చూపిన సందర్భం లేదు. యోహాను 9లో శిష్యులే పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని అడిగితే, రెండూ కాదని చెప్పి ఆ లెక్కనే కొట్టేశాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని ఎదురడిగాడు.

ద్వితీయోపదేశకాండము 18లో సోదె, శకునం, మంత్రం వద్దని ఉంది. నిజమే. అయితే ఆ మాట ఎవరితో అన్నాడు? మనతో. మీరు వాళ్ల దగ్గరికి పోకండి అని. మంత్రగాళ్లెవరో ఊళ్లో వెతికి పట్టుకోమని మనకు అప్పజెప్పిన పని కాదది. పైగా ఇలాంటి ఇళ్లలో జరిగేది చూడండి. "ఎవరు చేశారో" తెలుసుకోవడానికి ముందుగా వెళ్లేదే అంజనం చూసేవాడి దగ్గరికి, సోది చెప్పేదాని దగ్గరికి. ఆ వాక్యం ఏది వద్దందో దాన్నే చేసి, దాంట్లో వచ్చిన పేరు పట్టుకుని ఆ వాక్యంతోనే ఒక ముసలామెను కొడతారు.

సామెతలు 26:2లో "హేతువులేని శాపము తగులకపోవును" అని ఉంది. మీ అత్తమ్మకు ఈ వాక్యం చదివి వినిపించండి. ఆ పెద్దమ్మ ఎప్పుడో కోపంలో తిట్టిందనే గదా ఆమె భయం. తిట్టినా తగలదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అది నా తప్పు, కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

1999 ఎండాకాలం. సేవలోకి వచ్చి రెండేళ్లు. ఒక ఊళ్లో రాత్రంతా ప్రార్థన పెట్టాం. పెళ్లి కుదిరిన పదిహేడేళ్ల అమ్మాయి పాటల మధ్యలో జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. పెద్ద సేవకులు ఎలా చేస్తే అలా చేయాలనుకునే వయసు నాది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఎవరు నువ్వు? నిన్ను పంపిందెవరు?" అని గద్దించాను. జవాబు రాలేదు. మళ్లీ అడిగాను. మూడోసారి ఒక పేరు చెప్పింది. వాళ్ల ఇంటి వెనక ఉండే విధవరాలి పేరు. గోడ విషయంలో ఆ రెండిళ్లకూ ఏడాదిగా మాటల్లేవు. ఆ సంగతి నాకు తెలియదు. అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు.

అందరం హల్లెలూయ అన్నాం. తెల్లారి నేను మొదటి బస్సెక్కి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఆమెను వేపచెట్టుకు కట్టేసి పటకారుతో ముందు పళ్లు పీకారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదని మన వైపు ఒక నమ్మకం ఉంది, మీరూ వినే ఉంటారు. నాకు మూడో రోజున తెలిసింది. ఆసుపత్రికి వెళ్లేసరికి వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేతిలో ఇంటి తాళంచెవి. నన్ను గుర్తుపట్టి ఏదో అంది. పళ్లు లేక మాట సరిగా రాలేదు. వంగి మళ్లీ అడిగాను. "అయ్యా, నా పేరు ఎందుకు తీపిచ్చినవ్?" అంది.

ఆ తాళం తీయడానికి ఆమె మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. కూతురి దగ్గర ఉంటూ మూడేళ్లకు పోయింది. ఊగిన అమ్మాయికి ఆ పెళ్లి ఇష్టం లేదని, చెప్పుకునే చోటు లేక లోపలే కుమిలిపోయిందని చాలాకాలానికి నా భార్యతో చెప్పింది. ఆమెను నేను తప్పు పట్టను. ఒత్తిడి ఎక్కువైనప్పుడు మనసు మోయలేనిదాన్ని ఒళ్లు బయటపెడుతుంది. డాక్టర్లకు అది తెలిసిన జబ్బే. కావాలని చేసే నటన కాదు. అంతమంది మధ్య, అర్ధరాత్రి, ఒక పాస్టరు తల మీద చెయ్యి వేసి మూడుసార్లు గద్దించి అడిగితే, ఆ పిల్లకు తెలిసిన పేర్లలోంచే ఒకటి బయటికొచ్చింది. తప్పు అడిగినవాడిది.

అందుకే నేను చెప్పేది: బాణామతి మాట వచ్చినప్పుడు విశ్వాసి మొదట చూడాల్సింది దయ్యాల గురించిన వాక్యాలు కాదు, పది ఆజ్ఞలు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు." కళ్లతో చూడని పనిని, రుజువు లేని పనిని, ఒక మనిషి చేసిందని పదిమందిలో చెప్పడం అబద్ధసాక్ష్యమే. దాన్ని ప్రార్థనలో చెప్పినా అంతే. ద్వితీయోపదేశకాండము 19లో ఒక్కడి సాక్ష్యం మీద ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదని, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని ఉంది. మీ బాబు విషయంలో ఎంతమంది సాక్షులున్నారు? ఆ పెద్దమ్మ ఏం చేస్తుండగా ఎవరు చూశారు? ఒక్కరూ లేరు.

ఈ పాపం మన పల్లెలకే కొత్తగా వచ్చింది కాదు. చర్చి చేతులకూ అంటింది. ఐరోపాలో 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా మంత్రగత్తెలన్న పేరుతో సుమారు 40 వేల నుంచి 60 వేల మందిని చంపారు. ఎక్కువమంది ఆడవాళ్లు. మంత్రగత్తెను బతకనివ్వొద్దని నిర్గమకాండము 22లో ఉన్న ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని చేశారు. అప్పుడు కూడా ఎదురు నిలబడిన విశ్వాసులున్నారు. జర్మనీలో ఫ్రెడ్రిక్ స్పీ అనే జెస్విట్ (కాథలిక్) గురువు, చిత్రహింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు, ఎవరి పేరైనా చెబుతారు అని 1631లో తన పేరు వేసుకోకుండా పుస్తకం అచ్చువేయించాడు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు, ఇంకొకాయనను రాళ్లు పేర్చి నలిపి చంపారు. అక్కడ మొదలైందీ కొందరు ఆడపిల్లలకు వచ్చిన మూర్ఛలతోనే. వాళ్లను "ఎవరు చేశారు?" అని పెద్దవాళ్లు పదేపదే అడగడంతోనే. ఆ కేసులు విన్న జడ్జిల్లో శామ్యూల్ సీవాల్ అనే ఆయన, 1697లో ఉపవాస దినాన చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడు. ఆ నింద, ఆ సిగ్గు నావి అని ఆయన రాసిచ్చిన కాగితాన్ని పాస్టరు చదివి వినిపించాడు.

ఈ సంగతి నేను 2003లో చదివాను. అప్పటికి ఆ పెద్దమ్మ లేదు. ఆ మరుసటి ఆదివారం నేనూ నా సంఘం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఇద్దరు పెద్దలు సంఘం వదిలి వెళ్లారు. పాస్టరు తప్పు ఒప్పుకుంటే దేవుని పేరుకు అవమానమని వాళ్ల బాధ. నాకు మాత్రం ఆ పని నాలుగేళ్లు ఆలస్యంగా చేశానన్న బాధ ఈరోజుకీ ఉంది.

"మరి రుజువులు?" అని మీ ఇంట్లో అంటారు. గుమ్మం ముందు నిమ్మకాయ, కుంకుమ, మిరపకాయలు. అవి అక్కడ పెట్టింది మనిషే, అందులో అనుమానం లేదు. మనల్ని భయపెట్టాలని పెట్టి ఉండవచ్చు, తన ఇంటి దిష్టి తీసి మూడుదారుల్లో వేయబోయి అక్కడ పారేసి ఉండవచ్చు. ఒక ఆదివారం మా చర్చి మెట్ల మీదే దొరికింది. అందరూ దూరంగా నిలబడి నేను దాని మీద ప్రార్థన చేస్తానని చూస్తున్నారు. నేను ప్రార్థన చేయలేదు. చీపురుతో తీసి చెత్తలో వేసి, చేతులు కడుక్కుని ఆరాధన మొదలుపెట్టాను. నిమ్మకాయ మీద గంటసేపు ప్రార్థన చేస్తే దానికి బలం ఉందని మనమే ఒప్పుకున్నట్టు. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, బట్టలు వాటంతట అవే అంటుకోవడం కూడా చూసే ఉంటారు. కత్తికి మిథైల్ ఆరెంజ్ రాస్తే నిమ్మరసం తగలగానే ఎర్రగా మారుతుంది. పర్మాంగనేట్ పొడి మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి మంట లేస్తుంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదికవాళ్లు బడుల్లో ఇవన్నీ చేసి చూపిస్తుంటారు. వాళ్లలో దేవుణ్ణి నమ్మనివాళ్లు చాలామంది. అయినా మా ఊరికి వాళ్లను పిలిపించింది నేనే. నిజం ఎవరు చెప్పినా నిజమే.

మన ఇంట్లో ఉన్న మూఢనమ్మకం గురించి కూడా మాట్లాడాలి. తాయెత్తు తెంపేసి, ఆ చోట నూనె సీసా పెట్టుకుంటే ఏం మారినట్టు? ఇశ్రాయేలీయులు దేవుని మందసాన్ని (పది ఆజ్ఞల పలకలున్న పెట్టెను) తాయెత్తులా యుద్ధానికి మోసుకుపోయి ఓడిపోయారు, 1 సమూయేలు 4 చదవండి. మోషే చేయించిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. దేవుడు చెప్తే చేసిన వస్తువే అయినా వదల్లేదు. యాకోబు పత్రికలో నూనె రాసి ప్రార్థన చేయమని ఉంది, నేనూ చేస్తాను. కానీ దానికి 21 రోజులని లెక్కపెట్టడం, రోజు తప్పితే మళ్లీ మొదటికొస్తుందనడం, ఆ సీసాకు రేటు పెట్టడం, ఇవి ఆ పత్రికలో లేవు. మందులు మానితేనే విశ్వాసం అనేది ఇంకా ప్రమాదం. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో తిమోతికి పౌలే రాశాడు. మా సంఘంలో ఒక పెద్దాయన, ఎక్కడో సభలో సాక్ష్యం విని షుగర్ మాత్రలు మానేశాడు. ఎనిమిది నెలలకు కాలు మోకాలి కింద తీసేశారు.

నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి పేరు మీరు వినే ఉంటారు. కుష్ఠు అంటే పూర్వజన్మ పాపమనో, దేవుడి శాపమనో ఊరి బయటకు తరిమే రోజుల్లో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1915లో అక్కడ ఆసుపత్రి నిలబెట్టింది. దానికి చెయ్యందించింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. శాపం అన్న మాటను వాళ్లు వాదించి ఓడించలేదు. సూదిమందుతో, కట్టుకట్టే చేతులతో ఓడించారు. అందుకే ఈ విషయంలో మనం క్రైస్తవులం, మీరు మూఢులు అన్నట్టు మాట్లాడకండి. మీ అత్తమ్మతో అసలే వద్దు. ఆమెది భయం. మనవడి కళ్లు పైకి తేలిపోవడం చూసిన మనిషి.

ఆదివారం లోపల ఏం చేయాలి

మీ ఆయనతో రాత్రి పిల్లాడు పడుకున్నాక మాట్లాడండి, అత్తమ్మ ముందు వద్దు. నలుగురిలో మాట్లాడితే ఆయన వెనక్కి తగ్గలేరు. "బాణామతి ఉందా లేదా" అని వాదన పెట్టుకోకండి, తెల్లారినా తేలదు. "ముందు డాక్టరుకు చూపిద్దాం, రిపోర్టు వచ్చేదాకా ఎవరింటికీ పోవద్దు, ఈ ఒక్క మాట నాకివ్వు" అనండి. నా అనుభవంలో చాలామంది తండ్రులు ఈ మాటకు ఒప్పుకుంటారు. వాళ్లకు కావాల్సింది ఏదో ఒకటి చేస్తున్నామన్న ధైర్యం. ఆసుపత్రికి తీసుకెళ్లడం కూడా చేయడమే గదా.

మీ ఊరి ఆశా కార్యకర్తకు ఈరోజే చెప్పండి. సర్పంచి మంచివాడైతే ఆయనకూ చెప్పండి. ఆ పెద్దమ్మకు కొడుకో కూతురో ఉంటే కబురు పంపించి, ఆదివారం ఎవరైనా ఆమె దగ్గర ఉండేలా చూడండి. జనం గుమిగూడుతున్నారని తెలిస్తే ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. "మా ఆయన మీద కేసవుతుందేమో" అని ఆగకండి. దెబ్బ పడకముందు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి మాట్లాడి పంపిస్తారు. దెబ్బ పడితేనే ఆయన జైలుకు పోతారు.

చట్టం సంగతి కూడా ఆయనకు తెలియాలి. చేతబడి మీదే బిహార్ 1999లో, మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో విడిగా చట్టాలు చేశాయి. ఇక్కడైనా కొట్టడం, కట్టేయడం, చంపడం మామూలు చట్టం ప్రకారమే పెద్ద నేరాలు. ఆ పెద్దమ్మ ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, నిందవేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లైతే, మంత్రగత్తె అన్న నిందతో ఒంటికి హాని చేసినా, మనసుకు క్షోభ కలిగించినా అట్రాసిటీ చట్టం కిందికి వస్తుంది. ఆ మాట ఆ చట్టంలో 2015 సవరణతో చేర్చారు. నేను చూసిన కేసుల్లో నిందపడ్డవాళ్లలో ఎక్కువమంది ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, దళితులు, లేదంటే గోడ తగాదానో గెట్టు తగాదానో ఉన్నవాళ్లు. పలుకుబడి ఉన్న మనిషి మీద బాణామతి నింద పడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. దీని గురించి మీ ఆయన్ను ఆలోచించమనండి.

మీ అయ్యగారి దగ్గరికి మీరు ఒక్కరే వెళ్లకండి, మీ ఆయనతో కలిసి వెళ్లండి. మర్యాదగా రెండే అడగండి. ఒకటి, "ఎవరో చేయించారు" అన్న మాట వచ్చే కూడికలో ఆయన నోటితోనే వెనక్కి తీసుకోమని. రెండు, బాబు కోసం పేర్లు లేకుండా ప్రార్థన చేయమని. ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను, నేనూ అలా అన్నవాడినే. కానీ పాస్టరు మాట ఎంతదూరం పోతుందో ఆయనకు తెలియాలి. నైజీరియాలోని ఆక్వా ఇబోమ్ రాష్ట్రంలో కొందరు పాస్టర్లే పసిపిల్లల్ని మంత్రగాళ్లని ముద్రవేస్తే, 2008లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి ఆ నింద వేయడమే నేరమని చెప్పాల్సి వచ్చింది. కావాలంటే నేను రాసిన 1999 సంగతి ఆయనకు చదివి వినిపించండి. ఆయన కోపపడితే కోపపడనివ్వండి.

ఇంట్లో ఎవరికైనా నిద్రపట్టకపోవడం, గుండెదడ, ఎవరో పిలుస్తున్నట్టు అనిపించడం ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మూడుసార్లు బిడ్డ ఫిట్స్ చూసిన తల్లి మీరు. మీకు కూడా అవసరం పడవచ్చు, సిగ్గుపడకండి.

చివరగా ఒక్క పని అడుగుతాను. శనివారం సాయంత్రం బాబును ఎత్తుకుని ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్లండి. పది నిమిషాలు కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి రండి. వీధిలో నలుగురూ చూసేలా వెళ్లి రండి. ఆసుపత్రికి వెళ్లాక డాక్టరుగారు ఏమన్నారో, ఏం పరీక్షలు రాశారో నాకు రాయండి. నా భార్య కూడా అడుగుతోంది.